పేర్లెన్ని, రకాలెన్ని: మనస్తత్వ పరిశోధనలో వర్గీకరణ గణితం

మనిషి స్వభావానికి పేరు పెట్టడం తెలుగు వాడుకలో నిత్యం జరిగే పని. దుడుకువాడు, పిరికివాడు, మొండిఘటం, నెమ్మదస్తుడు అన్న మాటల్లో ప్రతి ఒక్కటీ ఒక వర్గానికి పేరు. ఆ పేరు వెనుక, మనుషులు నిజంగానే అలా విడివిడి రకాలుగా ఉన్నారన్న నమ్మకం చెప్పకుండానే దాగి ఉంటుంది. మనస్తత్వ శాస్త్రం ఆ నమ్మకాన్ని ఉన్నదున్నట్టు ఒప్పుకోదు. రకం ఉన్నందువల్ల పేరు పుట్టిందా, పేరు పుట్టినందువల్ల రకం ఉన్నట్టు తోస్తున్నదా అని అడుగుతుంది. ఈ ప్రశ్నకు అంకెలతో జవాబు వెతికే పద్ధతులను సాంఖ్యక శాస్త్రం గడచిన నూరేళ్లలో సమకూర్చింది. వాటికి రూపమిచ్చిన వారిలో ముందు వరుసలో నిలిచేవారు ఒక తెలుగువారు, సి.ఆర్. రావుగా లోకమెరిగిన కల్యంపూడి రాధాకృష్ణ రావు.

ఈ పద్ధతులు రెండు తెగలు. కడప జిల్లా కమలాపురం పరిసరాల రైతు ఎర్రగడ్డలను మార్కెట్టుకు తోలేముందు లావువి, నడిరకం, చిన్నవి అని వేరుచేస్తాడు. అక్కడ ఏ రకం ఎలా ఉండాలో ముందే నిర్ణయమై ఉంటుంది గనుక, చేతికి వచ్చిన ప్రతి గడ్డనూ దాని రకంలో వేయడమే మిగిలిన పని. ముందే తెలిసిన వర్గాల్లోకి కొత్తగా వచ్చినదాన్ని చేర్చే ఈ పనిని వర్గీకరణ అంటారు. అలా కాక, రకాల పేర్లు గానీ వాటి సంఖ్య గానీ తెలియకుండా, ఒకదానికొకటి దగ్గరగా ఉన్నవాటిని ఒకచోట చేర్చి, చివరికి ఎన్ని కుప్పలు తేలాయో చూడటాన్ని సమూహీకరణ అంటారు. మొదటిదానిలో ప్రశ్న ‘ఇతడు ఏ గుంపువాడు?’ అన్నది, రెండవదానిలో ప్రశ్న ‘అసలు గుంపులు ఉన్నాయా, ఉంటే ఎన్ని?’ అన్నది. పరిశోధనలో జరిగే పొరపాట్లలో చాలా భాగం ఈ రెండు ప్రశ్నలనూ ఒకటిగా కలిపివేయడం వల్ల వస్తాయి.

రెండు పనులకూ పునాది ఒకటే, అది దూరం. ఇద్దరు మనుషులు ఒకరికొకరు ఎంత దగ్గర, ఎంత దూరం అని కొలవగలిగితేనే వారిని కలపడమో వేరుచేయడమో సాధ్యమవుతుంది. అయితే మనిషిని ఒకే కొలతతో కొలవరు. మనస్తత్వ పరీక్షల్లో ఒక్కొక్కరికి నాలుగైదు మార్కులు వస్తాయి, అవి ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి. ఈ ముడిని శరీర కొలతలతో చూపడం సులభం. ఒక జనసమూహంలో సగటు ఎత్తు 165 సెంటీమీటర్లు, సగటు బరువు 60 కిలోలు అనుకుంటే, 180 సెంటీమీటర్ల ఎత్తు, 75 కిలోల బరువు ఉన్న వ్యక్తి ఆ సగటుకు రెండు కొలతల్లోనూ 15 చొప్పున దూరంగా ఉంటాడు. 150 సెంటీమీటర్ల ఎత్తు, 75 కిలోల బరువు ఉన్న వ్యక్తి కూడా అంతే దూరంగా ఉంటాడు. మామూలు లెక్కకు ఇద్దరూ సమానమే గానీ, పొడగరి బరువు ఎక్కువ ఉండటం సహజమనీ, పొట్టివాడు అంత బరువు ఉండటం అరుదనీ చూసినవారికెవరికైనా తెలుసు. రెండు కొలతలు కలిసి పెరిగే స్వభావాన్ని సహసంబంధం అంటారు. దాన్ని లెక్కలోకి తీసుకునే దూరమే ఆ ఇద్దరిలో ఎవరు సమూహానికి నిజంగా దూరమో చెప్పగలుగుతుంది.

అటువంటి దూరాన్ని నిర్వచించినవారు కలకత్తాలో 1931లో భారత సాంఖ్యక సంస్థను నెలకొల్పిన ప్రశాంత చంద్ర మహలనోబిస్. కలకత్తా ఆంగ్లో ఇండియన్ల శరీర కొలతలను విశ్లేషించే పనితో మొదలైన ఆయన ఆలోచన 1936లో ప్రచురించిన పత్రంలో పూర్తి రూపం పొందింది. నేడు దాన్ని మహలనోబిస్ దూరమని, డి స్క్వేర్ అని పిలుస్తారు. ప్రతి కొలతకూ ఉన్న సహజమైన చెదురును, అంటే విస్తృతిని, కొలతల మధ్య ఉన్న సహసంబంధాన్ని ఒకేసారి సరిచేసుకుని, రెండు గుంపుల సగటుల మధ్య ఎడాన్ని ఒక్క అంకెగా చెప్పడం దీని ప్రత్యేకత. అదే 1936లో ఇంగ్లండులో రొనాల్డ్ ఫిషర్, మూడు జాతుల ఐరిస్ మొక్కల 150 పూలపై తీసిన నాలుగేసి కొలతలతో, గుంపులను వేరుచేసే విచక్షణ ప్రమేయాన్ని ప్రతిపాదించాడు. ప్రతి కొలతకూ తగిన భారమిచ్చి, అన్నింటినీ కలిపి ఒకే మొత్తంగా మార్చినప్పుడు, గుంపుల మధ్య ఎడం లోపలి చెదురుతో పోలిస్తే అత్యధికంగా ఉండేటట్టు ఆ భారాలను ఎంచుకోవడమే ఆ ప్రమేయం సారాంశం.

ఈ రెండు దారులూ కలిసిన చోట సి.ఆర్. రావు కృషి మొదలవుతుంది. ఆయన 1920 సెప్టెంబరు 10న, నాడు మద్రాసు ప్రెసిడెన్సీలో కడప, కర్నూలు, అనంతపురాలతో పాటు దత్త మండలాల్లో ఒకటైన బళ్లారి జిల్లా హడగలిలో జన్మించారు. గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నాల్లో చదివి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితంలో ఎం.ఏ. పూర్తిచేసి, 1941లో కలకత్తాలోని సాంఖ్యక సంస్థలో చేరారు. 1946లో కేంబ్రిడ్జి వెళ్లి, సూడాన్‌లోని జెబెల్ మోయా తవ్వకాల్లో దొరికిన ప్రాచీన అస్థిపంజరాల కొలతలను విశ్లేషిస్తూ, ఫిషర్ పర్యవేక్షణలో 1948లో డాక్టరేటు పొందారు. జీవశాస్త్రంలో వర్గీకరణ సమస్యలే ఆ సిద్ధాంత గ్రంథ విషయం. రెండు గుంపులకు పరిమితమైన విచక్షణను అనేక గుంపులకు విస్తరించడం, ఒక వ్యక్తిని వాటిలో ఏ గుంపుకు చేర్చితే పొరపాటు తక్కువగా ఉంటుందో లెక్క కట్టడం ఆ కాలంలో ఆయన చేసిన ముఖ్యమైన పని.

ఎముకల కోసం, శరీర కొలతల కోసం పుట్టిన ఈ గణితం మనస్సు దగ్గరకు వెంటనే చేరింది. 1949లో రావు, ప్యాట్రిక్ స్లేటర్ అనే మనస్తత్వ పరిశోధకుడితో కలిసి, న్యూరోసిస్ గుంపుల మధ్య భేదాలపై బ్రిటిష్ మనస్తత్వ పత్రిక సాంఖ్యక విభాగంలో ఒక పత్రం ప్రచురించారు. న్యూరోసిస్ అంటే వాస్తవంతో సంబంధం తెగకుండానే మనస్సును పీడించే రుగ్మత. ఆ పత్రంలో మొత్తం 256 మంది ఉన్నారు: ఆందోళన రుగ్మత ఉన్నవారు 114 మంది, హిస్టీరియా ఉన్నవారు 33 మంది, సంఘ నియమాలకు లొంగని స్వభావమైన సైకోపతి ఉన్నవారు 32 మంది, వదలని తలపులు పట్టి పీడించే అబ్సెషన్ ఉన్నవారు 17 మంది, వ్యక్తిత్వంలో మార్పు వచ్చినవారు అయిదుగురు, ఏ రుగ్మతా లేనివారు 55 మంది. ఒక్కొక్కరికీ మూడేసి మార్కులు ఉన్నాయి. వాటిని ఎ, బి, సి అనుకుంటే చాలు. ఇక్కడ పేర్లు ముందే ఉన్నాయి, ఆరు ఉన్నాయి. ఆ మూడు మార్కులకు ఈ ఆరు పేర్లూ వేర్వేరుగా కనిపిస్తాయా అన్నది ప్రశ్న.

సగటులను వరుసగా చూస్తే కథ చాలావరకు బయటపడుతుంది. ఎ మార్కు సగటు రుగ్మత లేనివారిలో 0.60, ఆందోళన గుంపులో 2.93, హిస్టీరియా గుంపులో 3.03, సైకోపతి గుంపులో 3.81, అబ్సెషన్ గుంపులో 4.71. బి మార్కు సగటు రుగ్మత లేనివారిలో 0.15 కాగా, ఆందోళనలో 1.17, హిస్టీరియాలో 1.24. అంటే ఆరోగ్యవంతులకూ ఈ నాలుగు రుగ్మతలు ఉన్నవారికీ మధ్య అగాధం ఉన్నది, ఆందోళనకూ హిస్టీరియాకూ మధ్య గట్టు కూడా లేదు. అయితే ఎ మార్కు పెరిగినవారిలో సి మార్కు కూడా కొంత పెరుగుతుంది. వాటి సహసంబంధం సుమారు 0.4. కాబట్టి సగటులను ఒక్కొక్కటిగా చూసి తీర్పు చెప్పకుండా, మూడింటినీ కలిపి డి స్క్వేర్ లెక్క కట్టాలి. అలా కడితే ఆందోళన, హిస్టీరియాల మధ్య దూరం సుమారు 0.09, ఆందోళన గుంపుకూ రుగ్మత లేనివారికీ మధ్య దూరం సుమారు 3.4, అబ్సెషన్ గుంపుకూ రుగ్మత లేనివారికీ మధ్య దూరం సుమారు 9 అని తేలుతుంది.

ఈ అంకెల బరువు తెలియాలంటే వాటిని పొరపాట్లుగా మార్చి చూడాలి. ప్రతి గుంపులోనూ మార్కులు గంట ఆకారపు వక్రరేఖలో ఒకే తీరుగా పరుచుకున్నాయనీ, పోల్చే రెండు గుంపుల్లోనూ మనుషులు సమాన సంఖ్యలో ఉన్నారనీ అనుకుంటే, దూరం నుంచి తప్పుడు వర్గీకరణ శాతం నేరుగా లెక్కకు వస్తుంది. అబ్సెషన్ ఉన్నవారినీ, రుగ్మత లేనివారినీ వేరుచేసేటప్పుడు నూటికి సుమారు ఏడుగురి విషయంలో తప్పు జరుగుతుంది. ఆందోళన ఉన్నవారినీ, రుగ్మత లేనివారినీ వేరుచేసేటప్పుడు నూటికి 18 మంది విషయంలో. ఆందోళననూ హిస్టీరియానూ వేరుచేసేటప్పుడు మాత్రం నూటికి 44 మంది విషయంలో. నాణెం ఎగరేసి బొమ్మా బొరుసూ చూసి చెప్పినా తప్పు సగటున నూటికి 50 దాటదు గనుక, ఈ మూడు మార్కులు ఆ రెండు పేర్ల మధ్య తేడాను పట్టుకోలేకపోయాయని ఒప్పుకోవలసిందే. దీని అర్థం ఆ రెండు రుగ్మతలూ ఒకటేనని కాదు. వాటి తేడా ఎక్కడ ఉన్నదో ఈ మూడు మార్కులకు తెలియదని మాత్రమే. పేరు తప్పా, కొలత చాలదా అన్న నిర్ణయానికి వైద్యుడి జ్ఞానం, కొత్త పరీక్షలు కావాలి.

ఒక వ్యక్తిని గుంపులో చేర్చే తీరును కూడా ఇదే దత్తాంశంతో చూడవచ్చు. ఆందోళన ఉన్నవారినీ, రుగ్మత లేనివారినీ వేరుచేసే విచక్షణ ప్రమేయం కడితే, ఎ మార్కును 0.85తోనూ, బి మార్కును 1.32తోనూ, సి మార్కును 0.10తోనూ గుణించి కలపమని లెక్క చెబుతుంది, మొత్తం 2.41 దాటితే ఆ వ్యక్తి ఆందోళన వైపు, దాటకపోతే రెండవ వైపు. ఎ మార్కు 2, బి మార్కు 1, సి మార్కు 1 వచ్చిన వ్యక్తి మొత్తం 3.12, అతడు గీతకు ఆవల ఉన్నాడు. బి మార్కు 1కి బదులు 0 వచ్చి, తక్కినవి అలాగే ఉంటే మొత్తం 1.80, అతడు గీతకు ఈవల ఉన్నాడు. ఒక్క మార్కు తేడాతో మనిషి ఒక గుంపు నుంచి మరో గుంపుకు మారిపోయాడు. సి మార్కుకు భారం దాదాపు లేకపోవడం కూడా గమనించదగినది: అది చెప్పవలసిన సంగతిలో చాలా భాగం దానితో కలిసి పెరిగే ఎ మార్కు ముందే చెప్పివేసింది. గీతకు దగ్గరగా పడినవారిపై తీర్పు చెప్పక, వారిని సందిగ్ధంలో ఉంచి మరో పరీక్ష చేయడం బాధ్యత గల పద్ధతి.

పేర్లు ముందే లేని చోట సమూహీకరణ పనికి వస్తుంది. ఈ రంగానికి తొలి బాట వేసినవారిలో మనస్తత్వ శాస్త్రవేత్తలే ముఖ్యులు: కాలిఫోర్నియాలో రాబర్ట్ ట్రయాన్ 1939లో ఈ పద్ధతిపై ఏకంగా ఒక పుస్తకమే వెలువరించాడు, అమెరికా వైమానిక దళంలో సిబ్బంది పరిశోధన చేస్తున్న జో వార్డ్ 1963లో ప్రచురించిన పద్ధతి నేటికీ విస్తారంగా వాడుకలో ఉంది. వార్డ్ పద్ధతిలో మొదట ఎవరికి వారే ఒక గుంపు. కలిపితే లోపలి చెదురు అతి తక్కువగా పెరిగే రెండు గుంపులను ప్రతి అడుగులోనూ కలుపుతూ పోతే, చివరికి అందరూ ఒకే గుంపు అవుతారు. ఆ కలయికల క్రమాన్ని కొమ్మలు కలిసి మొదలుగా మారే చెట్టులా గీసి, ఎక్కడ అడ్డంగా కోస్తే అర్థవంతమైన గుంపులు వస్తాయో పరిశోధకుడు చూసుకుంటాడు. కె మీన్స్ అనే మరొక పద్ధతిలో గుంపుల సంఖ్యను ముందే నిర్ణయించి, ప్రతి మనిషినీ అతి దగ్గరి సగటుకు చేర్చి, సగటులను మళ్లీ లెక్కగట్టి, ఎవరూ అటూ ఇటూ మారని స్థితి వచ్చేవరకు అదే పని కొనసాగిస్తారు. డి స్క్వేర్ దూరాలతో గుంపులు కట్టే టోచర్ పద్ధతిని రావు 1952లో వెలువరించిన గ్రంథంలో వివరించగా, భారతీయ వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లో వేరుశనగ, వరి వంగడాలను వాటి వైవిధ్యాన్ని బట్టి గుంపులు చేసే సిద్ధాంత గ్రంథాలకు అది నిత్యసాధనమైంది. మెట్ట పొలంలోని వేరుశనగ బుడ్డల రకాలకూ, మనస్సులోని ఆందోళనకూ ఒకే కొలబద్ద సరిపోయింది.

మనుషులను గుంపులు చేయడానికి తోడుగా, పరీక్షలనే గుంపులు చేసే పద్ధతి ఒకటి ఉంది. దాన్ని కారక విశ్లేషణ అంటారు. 1904లో ఇంగ్లండుకు చెందిన చార్లెస్ స్పియర్‌మన్ మొదలుపెట్టిన ఈ దారిలో, ఒకదానితో ఒకటి కలిసి పెరిగే మార్కుల వెనుక కంటికి కనిపించని ఉమ్మడి కారకం ఏదో ఉందని భావించి, దాన్ని లెక్కతో బయటకు తీస్తారు. ఇందులో అంచనాలు, పరీక్షలు ఎలా ఉండాలో 1955లో సైకోమెట్రికా పత్రికలో వివరించినవారు కూడా రావే.

ఈ సాధనాలన్నింటికీ ఒక లోపం ఉమ్మడిగా ఉంది: గుంపులు చేయమంటే అవి చేయకుండా ఉండవు. పాపఘ్ని నది ఇసుకను మూడు కుప్పలు చేయమంటే కంప్యూటరు మారుమాట లేకుండా మూడు కుప్పలు చేసి పెడుతుంది. ఇసుకలో మూడు రకాలున్నాయన్నది మాత్రం ఆ కుప్పల వల్ల రుజువు కాదు. అందువల్ల జాగ్రత్త గల పరిశోధకుడు దత్తాంశాన్ని రెండు సగాలుగా విడదీసి రెండింటిలోనూ అవే గుంపులు వస్తున్నాయా అని చూస్తాడు, మరో పద్ధతితో మళ్లీ ప్రయత్నిస్తాడు, లెక్కలో వాడని వేరే లక్షణంలో కూడా ఆ గుంపులు తేడా చూపుతున్నాయా అని పరీక్షిస్తాడు. కొలతల ప్రమాణాలను సరిచేయకపోవడం మరొక గోతి: వయస్సును సంవత్సరాల్లో కాక నెలల్లో వేస్తే అదే పెద్ద అంకె అయి, తక్కిన మార్కులన్నింటినీ మింగివేసి, గుంపులన్నీ వయస్సు ప్రకారమే తేలతాయి.

వర్గీకరణకు కూడా తన గోతి ఉంది. ఒక రుగ్మత వెయ్యి మందిలో 20 మందికి ఉన్నదనీ, ఒక పరీక్ష ఉన్నవారిలో నూటికి 90 మందిని పట్టుకుంటుందనీ, లేనివారిలో నూటికి 10 మందిని పొరపాటున పట్టుకుంటుందనీ అనుకుంటే, వినడానికి అది మంచి పరీక్షే. లెక్కకు దిగితే, ఆ 20 మందిలో 18 మంది దొరుకుతారు. మిగిలిన 980 మందిలో 98 మంది అన్యాయంగా దొరుకుతారు. పరీక్ష వేలెత్తి చూపిన 116 మందిలో నిజంగా రుగ్మత ఉన్నవారు 18 మందే. కమలాపురం వంటి ఊరి బడుల్లో అటువంటి పరీక్ష ఒకటి పెట్టి, దొరికిన ప్రతి పిల్లవాడి పేరు పక్కన ఒక ముద్ర వేస్తే, ఆ ముద్రల్లో ఎక్కువ భాగం అబద్ధాలై ఉంటాయి. రుగ్మత ఎంత అరుదో ముందుగా తెలుసుకోకుండా పరీక్ష ఫలితాన్ని చదవడం, తూకంలో పాత్ర బరువు తీసివేయకుండా ధర కట్టినట్టవుతుంది.

రావు 2001లో పద్మవిభూషణ్, 2023లో అంతర్జాతీయ సాంఖ్యక బహుమతి అందుకుని, ఆ సంవత్సరమే ఆగస్టు 22న, 102 ఏళ్ల వయస్సులో కన్నుమూశారు. 1949 నాటి ఆ పత్రం ఆయన కీర్తిలో చిన్న భాగమే గానీ, దానిలోని అయిదుగురి గుంపు నేటికీ ఒక పాఠం చెబుతుంది. వ్యక్తిత్వంలో మార్పు వచ్చినవారని పేరు పొందిన ఆ అయిదుగురి మార్కుల సగటు, తక్కిన నాలుగు రుగ్మతలకంటే, రుగ్మత లేనివారికే దగ్గరగా ఉంది. దూరం సుమారు 0.58. వారు నిజానికి ఆరోగ్యవంతులేనా, వారి బాధ ఈ మూడు మార్కులకు అందనిదా, లేక అయిదుగురి సగటు అంటే ఆరవ మనిషి వస్తే మారిపోయేది కనుక దాన్ని పట్టించుకోనక్కరలేదా అన్న మూడు ప్రశ్నలనూ ఆ ఒక్క అంకె ఒకేసారి ముందు పెడుతుంది. వాటిలో ఏ ఒక్కదానికీ గణితం ఒంటరిగా జవాబు చెప్పదు. పేరు పెట్టడం తేలిక గనుకనే, పేరు పెట్టకముందు ఎంతమందిని చూశారు, ఏ కొలతతో చూశారు, ఎంత తప్పుకు సిద్ధపడ్డారు అని అడగడం శాస్త్రానికి అలవాటైంది. దుడుకువాడు, పిరికివాడు అని నోటికి వచ్చే ముందు ఇంటిలోనూ బడిలోనూ ఆ మూడు ప్రశ్నలూ ఒకసారి వేసుకోగలిగితే, ఆ అలవాటు పరిశోధనశాల గడప దాటినట్టే.